పెద్దల ఎదుట

పెట్టె ఆ సార్జెంటు ఒళ్లో ఉంది. తెల్లగుడ్డ చుట్టి, గుడ్డ కొసలు మెడకు తగిలించుకుని, తెల్లటి చేతితొడుగులతో రెండు పక్కలా పట్టుకుని, బస్సు ముందు సీట్లో బొమ్మలా కూర్చున్నాడు. మంచివాడే పాపం. ఎక్కేటప్పుడు "జాగ్రత్త అమ్మమ్మా, మెట్టు ఎత్తుగా ఉంది" అని చెయ్యి అందించబోయి, పెట్టె గుర్తొచ్చి ఆగిపోయాడు. అయినా అతన్ని చూస్తున్నకొద్దీ పిల్‌నామ్‌కు అరికాలి మంట నెత్తికెక్కుతోంది. ఆ పెట్టెలో ఉన్న మనిషి పేరు నిన్నటిదాకా ఇతనికి తెలియదు. అయినా ఇతని ఒళ్లో ఉండొచ్చు. ఇంకో గంటలో డేజన్ జాతీయ శ్మశానం గేటు దగ్గర బస్సు ఆగాక, ఇతని చేతుల్లోంచి పెదనాన్న కొడుకు గీసొప్ చేతుల్లోకి వెళ్లొచ్చు. గీసొప్ చేతుల్లోంచి గోతిలోకి వెళ్లొచ్చు. కన్నకూతురి చేతులు మాత్రం తగలకూడదట. మట్టి తగిలినా ఫరవాలేదు గానీ ఆమె తగలకూడదు. పొద్దున సియోల్‌లో బస్సెక్కక ముందే తేల్చి చెప్పేశాడు గీజున్ అన్నయ్య, తాక్ వంశానికి పెద్ద, గీసొప్‌కు తోడబుట్టినవాడు. "కర్త గీసొప్. పెట్టె వాడు పట్టుకుంటాడు, ముందు వాడు నడుస్తాడు. నువ్వు ఆడాళ్లతో వెనకాల రా. పెళ్లయి వెళ్లినదానివి, నీకు తెలీందేముంది." ఆడాళ్లంటే ఎవరు? బస్సులో ఉన్న ఆడది తనొక్కతే. తనతో తనే నడవాలన్నమాట.

తనొక్కతే కూడా కాదు, ఆ కెప్టెన్ పిల్ల ఉంది. కెప్టెన్ మిన్. ముప్పై కూడా ఉండవు. జుట్టు బిగించి ముడేసి, టోపీ కింద చెమట పట్టినా తుడుచుకోకుండా, డ్రైవరు వెనకాల నిలబడి ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది. భుజం మీద కెప్టెన్ గుర్తు, మూడు వజ్రాలు. నాన్నవీ మూడే. సైన్యంలో ఆడపిల్ల కెప్టెన్ అయి, బస్సు నిండా మగాళ్లను లేవమంటే లేస్తారు, కూర్చోమంటే కూర్చుంటారు. ఆ పిల్ల పక్కనే కూర్చుని గీజున్ అన్నయ్య ఆడపిల్ల అస్థికలు ముట్టుకోకూడదంటాడు, కళ్లెదుట ఉన్నది కనపడదు. దారిలో బస్సు ఆగితే దిగి వాల్‌నట్ బిళ్లల పొట్లం కొనుక్కొచ్చాడు, వేడివేడిగా, ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటున్నాడు. చుట్టూ చూసి ఆమె వైపు చాచాడు. "తిను. చచ్చినోళ్లతో మనం చావలేంగా." ఆమె కిటికీ వైపు తిరిగింది. కిటికీ బయట నాట్లయిన పొలాలు, నీళ్లలో ఆకాశం. ఆకలేస్తోంది, అదొక్కటీ మరింత కోపం తెప్పిస్తోంది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు, ఆ బిళ్లల వాసన బస్సంతా కమ్ముకుంది, తండ్రిని పూడ్చడానికి వెళుతూ నోరూరడం ఏమిటి? డెబ్బై ఏళ్లు దాటాయి, పళ్లు సగం పోయాయి, ఈ కడుపుకు సిగ్గు మాత్రం రాలేదు.

నోరు తెరవండి బామ్మగారూ అన్నారు ఆ రోజు. దేగు సంతలో ఆమె నువ్వుల నూనె కొట్టు ముందు, సైన్యం బండి ఆగింది, యుద్ధంలో జాడ తెలియకుండా పోయినవాళ్ల చుట్టాలుంటే రమ్మని మైకులో చెప్పారు. చేతులకు నూనె జిడ్డు అలాగే ఉంది. వెళ్లింది. ఎందుకు వెళ్లిందో ఇప్పటికీ తెలియదు. కోపంతోనే వెళ్లి ఉంటుంది, ఆమె చాలా పనులు కోపంతోనే చేసింది, మొగుడు పోయాక ఆ నూనె గానుగ నడిపింది కూడా కోపంతోనే. దూది చుట్టిన పుల్ల చెంప లోపల రుద్దారు, అంతే. తర్వాత ఏళ్లు గడిచాయి, యాంగు కొండల్లో ఎక్కడో పూడిపోయిన కందకం తవ్వుతుంటే ఒక తొడ ఎముక, దవడ, బూటు అడుగు దొరికాయి. దొరికినవాటిని వంశంలో ముగ్గురితో పోల్చి చూశారు. గీజున్ రక్తం ఇచ్చాడు, గీసొప్ ఇచ్చాడు. వాళ్లది అటూ ఇటూగా ఉంది, తేల్చలేమన్నారు. ఆమె ఉమ్మి పెట్టి చూస్తే అనుమానం లేదన్నారు. అంటే, ఊరూపేరూ లేకుండా చీకటిగదిలో అట్టపెట్టెలో పడి ఉండాల్సిన మనిషిని కెప్టెన్ తాక్ ఇన్‌గ్యూ అని నిలబెట్టింది ఎవరు? ఆమె ఉమ్మికి అర్హత ఉందట, ఆమె చేతులకు లేదట. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆ తర్వాత అన్నీ వాళ్లే మాట్లాడుకున్నారు, ఏ ముహూర్తం, ఏ శ్మశానం, ఎవరు ముందు.

అసలు ఆమె పేరులోనే వాళ్ల తీర్పు ఉంది. పిల్‌నామ్ అంటే ఈసారి తప్పకుండా మగబిడ్డ అని. ఆడపిల్ల పుట్టిందని తెలిసి నాయనమ్మ పెట్టింది. పిల్లకు పేరు పెట్టినట్టు లేదు, వెనకాల వచ్చేవాడికి చీటీ రాసి పంపినట్టు ఉంది. వెనకాల ఎవడూ రాలేదు. ఆమె పుట్టిన రెండో ఏటే ఉత్తరంవాళ్లతో యుద్ధం వచ్చింది, నాలుగో ఏడు దాటిందో లేదో నాన్న లేడు. ఏళ్ల తరబడి బడిలో, సంతలో, ఆసుపత్రిలో, పేరు పిలిచిన ప్రతివాడూ ఒకసారి నవ్వాడు. నీ తర్వాత తమ్ముడు పుట్టాడా? పుట్టలేదు. అయ్యో. ఈ అయ్యో ఎవరికోసం అన్నారో వాళ్లకే తెలియాలి.

తాక్‌ల ఇంట్లో, యెచొన్‌లో, పెంకులు నల్లబడిన ఆ పెద్ద ఇంట్లో, ఒకే మనిషికి రెండు రకాల అన్నం పెట్టేవారు. సైన్యం నుంచి జాడ తెలియలేదని కబురు వచ్చింది, చనిపోయాడని రాలేదు. అమ్మకు అది చాలు. రోజూ సాయంత్రం ఇత్తడి గిన్నెలో మొదటి అన్నం నాన్నకు తీసి, మూతపెట్టి, కింద పొయ్యి సెగకు నేల వెచ్చగా ఉండే చోట బొంత కింద పెట్టేది. ఎప్పుడొచ్చినా వేడిగా తినాలి కదా. తాతయ్యకు ఇది నచ్చలేదు. కొడుకు పోయాడని ఆయన తేల్చుకున్నాడు, తిథి తెలియదు కాబట్టి సెలవు మీద వచ్చి వెళ్లిన రోజునే తద్దినం పెట్టాలన్నాడు. వెళ్లిన రోజే చచ్చినట్టు లెక్క. ఆ రోజున అమ్మే నేలమీద కూర్చుని చేపముక్కలు, గుమ్మడికాయ ముక్కలు పిండిలో ముంచి వేయించేది, కళ్లలో పొగ, పిల్‌నామ్ పక్కన కూర్చుని అందించేది, అవన్నీ ముందుగదిలోకి వెళ్లేవి, అక్కడ మగాళ్లు వరసలో నిలబడి వంగి దండం పెట్టేవారు. అన్నం గిన్నెలో చెంచా నిలువుగా గుచ్చేవారు. చచ్చినవాడికి అలాగే పెడతారు. తలుపు సందులోంచి చూసేది తను. లోపల నాన్న తింటున్నాడనుకునేది. తిని తిని ఎందుకు బయటికి రాడో అర్థమయ్యేది కాదు.

"నువ్వు బొంత కింద దాచబట్టే వాడికి ఇక్కడి తిండి అందట్లేదు, ఆకలితో తిరుగుతున్నాడు నా బిడ్డ" అనేది నాయనమ్మ.

"మీ అబ్బాయి చావలేదత్తయ్యా. ఆయన తిండికి నేనున్నాను" అనేది అమ్మ, అంతకు మించి ఒక్క మాట ఎక్కువ అనేది కాదు, చేపలు తిరగేసేది.

ఒక సాయంత్రం పిల్‌నామ్, బడికి పోతున్న వయసే, బొంత ఎత్తి, గిన్నె మూత తీసి, ముందుగదిలో చూసినట్టే చెంచా తెచ్చి అన్నం మధ్యలో నిలువుగా గుచ్చింది. నాన్న అక్కడైతే తింటున్నాడు, ఇక్కడ తినట్లేదు, చెంచా లేక కాబోలు అనుకుంది. అమ్మ వచ్చి చూసింది. మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. అమ్మ ఆమెను కొట్టడం బతుకు మొత్తంలో అదొక్కసారే, చెంచాతోనే కొట్టింది, చేతిమీద, మెడమీద, చంపేశావే చంపేశావే అంటూ కొట్టింది. తర్వాత ఆ అన్నం అమ్మ తినలేదు, ఆమెకూ పెట్టలేదు, పెరట్లో కోళ్లకు వేసింది. ఆకలితో ఉన్న ఊళ్లో తెల్లటి అన్నం కోళ్లకు. దాని గురించి కూడా కోపమే ఇప్పటికీ. ఆ అన్నం ఎన్ని సాయంత్రాలు చూసింది తను, బార్లీ గంజి తాగుతూ, బొంత ఉబ్బు వైపు చూస్తూ. నాన్న అంటే ఆమెకు తెలిసిందదే, తను తినకూడని అన్నం.

కెప్టెన్ మిన్ ఫోను జేబులో పెట్టుకుని ఒక కాగితం తీసి మెల్లగా చదువుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి. శ్మశానంలో ఎవరో పెద్ద అధికారి చదవబోయే ప్రసంగం కాబోలు, ముక్కలు ముక్కలుగా వినబడుతోంది. మాతృభూమి పిలుపు విని. వెనుదిరగని. చిరునవ్వుతో ప్రాణాలర్పించిన. చిరునవ్వట. ఎవడు చూశాడు వీళ్లలో?

చూసినవాడు ఒక్కడే, అతను నవ్వాడని చెప్పలేదు. ఛా అనే మాజీ సార్జెంటు, కుడిచెయ్యి మణికట్టు దాకా లేదు, సంధి అయ్యాక చాలా ఏళ్లకు వెతుక్కుంటూ వచ్చాడు ఇంటికి. తాతయ్య ముందుగదిలోకి రమ్మంటే రాలేదు, వంటింటి గుమ్మంలో కూర్చున్నాడు, అమ్మ పెట్టిన నూడుల్స్ ఎడమచేత్తో తిన్నాడు, అప్పుడు చెప్పాడు. మీ ఆయన మంచి సైనికుడు కాదమ్మా, బడిపిల్లలకు పాటలు నేర్పే మేష్టరు. చదునుపాదాలు, నడిస్తే బాతు నడిచినట్టుండేది, మేం బాతు కెప్టెన్ అనేవాళ్లం, ఆయనకు తెలుసు. భయపడేవాడు, ఫిరంగి మోగితే చెవులు మూసుకునేవాడు, మూసుకుని శ్రుతి తప్పిందిరా వెధవల్లారా అని శత్రువును తిట్టేవాడు. మేం నవ్వలేక చచ్చేవాళ్లం. ఒకరోజు మేజర్ వచ్చి ఆ కొండ పగలే ఎక్కి తీరాలన్నాడు. ఆ కొండకు పేరు కూడా లేదు, అంకె ఉంది. పొద్దున మాది, సాయంత్రం వాళ్లది. మీ ఆయన చీకటి పడ్డాక ఎక్కుతామన్నాడు. ఇప్పుడే అన్నాడు మేజర్. "ఇప్పుడెక్కితే మిగిలేది మీరొక్కరే సార్, కింద ఉంటారు కాబట్టి" అన్నాడు. అందరం వింటున్నాం. మేజర్ లాగి లెంపకాయ కొట్టాడు, టోపీ ఎగిరి బురదలో పడింది. మీ ఆయన వంగి టోపీ తీసుకుని, మోకాలికేసి దులిపి, పెట్టుకుని, మళ్లీ అదే మాట అన్నాడు. గొంతు వణికింది, మాట మాత్రం మారలేదు. చీకటి పడ్డాకే ఎక్కాం, అందుకే నేనిక్కడ నూడుల్స్ తింటున్నాను. ఎక్కాక తెల్లారి మళ్లీ గుళ్లవాన, నా చెయ్యి పోయింది, నన్ను కిందికి మోసుకెళుతుంటే చూశాను, కందకం గోడకు వీపు ఆనించి కూర్చుని బూటు విప్పి పాదం పిసుక్కుంటున్నాడు. పోరా బాబూ, ఊరెళ్లి పెళ్లి చేసుకో, అన్నాడు. అంతే తెలుసు నాకు. తర్వాత కొన్నాళ్లకే సంధి. కొండలో సగం ఉత్తరంవాళ్లకు పోయింది.

ఆ లెంపకాయ సంగతి చెప్పండి చూద్దాం మైకులో! ఆ మేజర్ ఆ తర్వాత ఎన్ని వజ్రాలు, ఎన్ని నక్షత్రాలు పెట్టుకుని ఎంత మెత్తటి పరుపు మీద చచ్చాడో! బాతు నడక గురించి చెప్పండి, చెవులు మూసుకోవడం గురించి చెప్పండి. చెప్పరు. రాతిలో చెక్కడానికి మేష్టరు పనికిరాడు, వెనుదిరగనివాడే కావాలి. ఒక మనిషిని వంశం ముక్క కోసుకుంది, ప్రభుత్వం ముక్క కోసుకుంది, ఎముకలు మిగిలితే ఇప్పుడవీ పంచుకుంటున్నారు. పళ్లు కొరుక్కుంటే ఉన్న పళ్లు కూడా నొప్పెట్టాయి.

పక్క సీటు కిర్రుమంది. గీసొప్ వచ్చి కూర్చున్నాడు. నల్లసూటు, చేతికి జనపనార పట్టీ, కర్త గుర్తు. ఒళ్లో కొత్త తెల్ల చేతితొడుగులు, ఇంకా వేసుకోలేదు, మడత మీద మడత పెడుతున్నాడు. అరవై దాటాయి వీడికీ, తల మీద నాలుగు వెంట్రుకలు. వీణ్ణి అమ్మకు దత్తు ఇచ్చిన రోజు బొద్దుగా ఉండేవాడు, అయిదేళ్లవాడు. తమ్ముడి వంశం ఆగిపోకూడదని పెదనాన్న రెండో కొడుకును ఇచ్చేశాడు, తాతయ్య వంశం రిజిస్టరులో రాయించాడు, చచ్చిన కెప్టెన్‌కు బతికున్న కొడుకు పుట్టాడు. అన్నయ్యలకు, బాబాయిలకు అంతా పండగ. అమ్మను ముందుగదిలోకి పిలిచి కూర్చోబెట్టారు, అదే మొదటిసారి ఆ గదిలో కూర్చోవడం, వీడు వచ్చి దండం పెట్టి అమ్మా అన్నాడు. అమ్మ లేచి లోపలికి వెళ్లింది. బొంత తీసింది. ఆ గిన్నె తెచ్చి వీడి ముందు పెట్టి, మూత తీసి, "తిను" అంది. ఆ రోజు నుంచి మళ్లీ బొంత కింద గిన్నె లేదు. అమ్మ అంతటితో నాన్నను వదిలేసింది. కూతురు చెంచా గుచ్చితే చంపేశావే అని కొట్టిన అమ్మ, అత్తింటివాళ్ల ముందు ఆ అన్నం తీసి ఎవడికో పెట్టేసింది. గుమ్మం దగ్గర నిలబడి చూసింది తను, వీడి బుగ్గలు కదలడం, ఆవిరి. క్షమించలేదు. అమ్మ పోయినప్పుడు కూడా, మొహం మీద గుడ్డ కప్పుతూ కూడా, ఆ గిన్నె గుర్తొచ్చింది.

"అక్కా" అన్నాడు గీసొప్.

"ఊ."

"ఆ రోజు అన్నం. గుర్తుందా నీకు?"

"లేదు."

"నాకు గొంతు దిగలేదే. మా అమ్మ ఎదురుగా కూర్చుంది, ఆమెను పెద్దమ్మా అనాలంట ఇక నుంచి. ఒకసారి మర్చిపోయి అమ్మా అంటే నాన్న, అదే, పెదనాన్న, గుడ్లురిమాడు. ఎవరికీ చెప్పలా ఎప్పుడూ." తొడుగులు విప్పి మళ్లీ మడిచాడు. "మీ నాన్న ఫొటో ముందు ఎన్నిసార్లు వంగానో. మనిషిని ఎప్పుడూ చూడలా నేను. ఏం అనుకోవాలో తెలిసేది కాదు, కాళ్లు తిమ్మిరెక్కేవి, లోపల అంకెలు లెక్కపెట్టుకునేవాణ్ణి."

"అయితే ఇప్పుడేమంటావు, జాలిపడమంటావా?"

"నేనేం అనట్లా."

"మరి ఆ తొడుగులు ఎందుకు పిసుకుతున్నావు? వేసుకో. మీ అన్నయ్య చూస్తున్నాడు."

గీసొప్ మొహం వాడిపోయింది. వాడికి నోట్లో నాలుక లేదు, ఎప్పుడూ లేదు, కావాలని అంది తను, అనగానే మనసులో ఎక్కడో చివుక్కుమంది, ఆ చివుక్కుమనడం మీద కూడా కోపం వచ్చింది. వీడిమీద జాలిపడితే ఇంక ఎవరిమీద కోప్పడాలి? డెబ్బై ఏళ్లకు ఒక మనిషి మిగిలాడు కదా కోప్పడడానికి, ఆ మనిషిని కూడా లాక్కుంటారా?

బస్సు పెద్ద రోడ్డు దిగింది. పచ్చటి గుట్టలు, దూరంగా తెల్లటి రాళ్లు వరసలు వరసలుగా. ముందు సీటులో సార్జెంటు నడుం సర్దుకున్నాడు, పెట్టెను కాస్త దగ్గరకు లాక్కున్నాడు, గుండెకు ఆనించి. బిడ్డను ఎత్తుకున్నట్టు. అది చూసి ఇంక ఆగలేదు ఆమె లోపలిది, ఎప్పుడూ చివరికి అక్కడికే వస్తుంది ఆలోచన, రాకుండా ఎంత చుట్టూ తిప్పినా. సెలవు మీద వచ్చిన రోజు. అమ్మ ఎన్నోసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ అమ్మ నవ్వేది, అదేదో ముచ్చట అయినట్టు. నాన్న పొద్దున్నే వచ్చాడు, యూనిఫాం మీద దుమ్ముతో, సాయంత్రం వెళ్లిపోవాలి. వసారాలో తాతయ్య కూర్చుని ఉన్నాడు, పక్కన నాయనమ్మ, పెదనాన్న. నాన్న వాళ్లకు దండం పెట్టి, ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. తను అప్పటికి పరుగెత్తే పిల్ల. పెరట్లో పచ్చడి జాడీల మధ్య ఆడుకుంటూ వసారా దాకా వచ్చి, కొత్తమనిషి బూట్లు ముట్టుకుని, మెట్టు ఎక్కలేక చేతులు పైకెత్తి నిలబడిందట. ఎత్తుకోమని. పెద్దల ఎదుట మగవాడు తన బిడ్డను ఎత్తుకోకూడదు. ఎత్తుకుంటే సిగ్గులేనివాడు, తల్లిదండ్రుల కంటే పిల్లలెక్కువైనవాడు. ఆ ఇంట్లో ఎవరూ ఎత్తుకోలేదు, తాతయ్య తన పిల్లల్ని ఎత్తుకోలేదు, పెదనాన్న గీజున్‌ను ఎత్తుకోలేదు. నాన్న చూశాడట. చేతులు మోకాళ్ల మీద అలాగే పెట్టుకుని, వేళ్లు మాత్రం కదిలాయట. తాతయ్య దగ్గాడట. తను చేతులెత్తి చాలాసేపు నిలబడి, ఏడుపు లంకించుకుంటే అమ్మ వచ్చి తీసుకుపోయింది. తాతయ్య లేస్తాడేమో, పొలానికి వెళతాడేమో అని సాయంత్రం దాకా చూశాడట నాన్న. తాతయ్య లేవలేదు. కొడుకు వచ్చాడని ఆ రోజు పొలానికి కూడా పోలేదు ఆయన. బండి వచ్చింది. గేటు దాకా అందరూ వెళ్లారు. నాన్న వంగి అందరికీ దండం పెట్టి బండెక్కాడు. "పాపం, వెనక్కి తిరిగి నీ వంకే చూశాడే" అని నవ్వేది అమ్మ. ఇందులో నవ్వేదేముంది? ఎవరి మర్యాద కోసం? ఆ మర్యాద ఇప్పుడెక్కడుంది, ఏ గిన్నెలో పెట్టి ఏ బొంత కింద దాచారు?

బస్సు ఆగింది. తలుపు తెరుచుకోగానే వేడిగాలి, కోసిన గడ్డి వాసన. గేటు లోపల రెండు వరసల్లో సైనికులు, బ్యాండు, అవతల షామియానా కింద తెల్ల జుట్టు అధికారులు, వంశం పెద్దలు యెచొన్ నుంచి వేరే బస్సులో ముందే వచ్చి ఉన్నారు, గుర్రపువెంట్రుకల పాత టోపీలు కూడా పెట్టుకొచ్చారు ఇద్దరు. సార్జెంటు పెట్టెతో దిగి కంకర మీద నిటారుగా నిలబడ్డాడు. కెప్టెన్ మిన్ కాగితం చూసి గట్టిగా అంది.

"కర్త ఎవరండీ? ముందుకు రావాలి."

"గీసొప్, పద" అన్నాడు గీజున్, వేళ్లకు అంటిన బిళ్లల పిండి దులుపుకుంటూ.

గీసొప్ తొడుగులు తొడుక్కోబోయాడు. ఒకటి ఎక్కింది, రెండోది ఎక్కలేదు. పిల్‌నామ్ అతన్ని దాటి నడిచింది. అంత ఆలోచించి చేసింది కాదు, కాళ్లు నడిచాయి. సార్జెంటు ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాచింది, తొడుగులు లేవు, గోళ్ల సందుల్లో నువ్వుల నలుపు ఎంత కడిగినా పోదు.

"ఇటివ్వు బాబూ."

సార్జెంటు కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ కాగితం వైపు చూసింది. "కర్త తాక్ గీసొప్ గారని ఉందమ్మా ఇక్కడ. మీరు…"

"మా చెల్లెలండీ, పెళ్లయి పోయింది, ఈ ఇంటిది కాదు" అన్నాడు గీజున్ అడ్డొస్తూ. "పిల్‌నామ్! ఏందే ఇది? అందరూ చూస్తన్నారు. వెనక్కి రా."

"చూడనియ్."

"పెద్దాళ్లున్నారు ఎదురుగా, బుద్ధుందా నీకు?"

పెట్టెకు రెండు పక్కలా చేతులు వేసి లాక్కుంది. నలభై ఏళ్లు గానుగ తిప్పిన చేతులు. సార్జెంటు వదిలాడో, తనే లాగేసిందో తెలియదు, మెడ మీది గుడ్డ మాత్రం అతను తల వంచి తనే తీశాడు. కెప్టెన్ మిన్ ఆపడానికి ఒక అడుగు వేసి, ఆమె మొహం చూసి ఆగిపోయింది. గీజున్ ముందుకొచ్చాడు. గీసొప్ ఎక్కిన తొడుగు కూడా లాగి పారేసి, అన్నకూ ఆమెకూ మధ్య నిలబడ్డాడు.

"రేయ్, తప్పుకో."

"తప్పుకోను అన్నయ్యా."

పెట్టెలో బరువే లేదు. రెండు సేర్ల నువ్వుల సంచీ ఇంతకంటే బరువుంటుంది. దీని కోసమేనా? మనిషంటే ఇంతేనా? ఆమె ఆ కంకర మీదే చతికిలబడింది. పెట్టెను ఒళ్లోకి లాక్కుంది. బ్యాండువాళ్లు నడక మొదలైందనుకుని వాయించడం మొదలుపెట్టారు, ఎవరో చెయ్యి ఊపితే ఒక్కొక్కటిగా ఆగిపోయాయి, చివరికి డోలు కూడా. షామియానా కింద ఒక పెద్దాయన దగ్గాడు.

"మేజర్‌కు ఎదురు చెప్పావంట" అంది ఆమె పెట్టెతో. మెల్లగా అనలేదు. సంతలో బేరగాడిని కడిగేసే గొంతుతో అంది. "లెంపకాయ కొట్టినా మళ్లీ చెప్పావంట! మరి మీ నాన్నకు చెప్పలేకపోయావా? చేతులెత్తి నిలబడ్డాను కదా. చిన్నపిల్లను. చూస్తా కూర్చున్నావంట కదా సాయంత్రం దాకా. ఎత్తుకుంటే ఏం చేసేవాడు ఆయన, కాల్చేవాడా? చెప్పు!"

రెండు వరసల సైనికులు ఎండలో అలాగే నిలబడి ఉన్నారు. కెప్టెన్ మిన్ వచ్చి పక్కన ఒంగి, "అమ్మా, అందరూ ఎదురుచూస్తున్నారు" అంది.

"చూడనీ" అంది పిల్‌నామ్. లేవలేదు.